పదిహేడో కార్డుకి సాక్షి

ఇన్‌స్పెక్టరు గారు పోయారన్న కబురు నా ఫోను బయట నలభై నిమిషాలు కాచుకుని ఉంది.

ఆ బుధవారం పొద్దున్న నేను ఆయన కార్డులే విశాఖపట్నం లైను మీద పంపిస్తున్నాను. మా గదిలో ఉన్నది ఒక్కటే ఫోను. కంప్యూటరు ఆ లైను పట్టుకుని కూచుందంటే ఇక బయటివాళ్ళ పిలుపు లోపలికి రాదు. మోడెమ్ కీచుమంటూ ఒక్కో పేజీని నత్తనడకన ఎక్కిస్తుంటే నేను మెటికలు విరుచుకుంటూ దాన్ని తిట్టుకుంటూ ఉన్నాను. పని అయిపోయి లైను వదిలానో లేదో ఫోను మోగింది. ఆయన భార్య.

“ఎంతసేపట్నించి సేస్తన్నానమ్మా, పలకదేటి నీ ఫోను? మీ సారు ఎలిపోయేరు,” అంది.

“ఎక్కడికండీ?” అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జన్మలో వెయ్యలేదు.

ఆవిడ ఏడవలేదు. “ఏడుంపావుకి,” అని టైము చెప్పింది. గోడ గడియారం చూశాను. ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ. ఆ నలభై నిమిషాల్లో నేను పంపిన ప్రతి పేజీలోనూ ఆయన పేరుకి ఎదురుగా ‘ఉన్నారు’ అనే ఉంది.

ఈ ‘ఉన్నారు’ సంగతి మీకు తెలియాలంటే మేం చేసే పని ఏమిటో ముందు చెప్పాలి. ఆయన పాత తాలూకా రోజుల్నించీ చోడవరం చుట్టుపక్కల బడులకి ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. వెళ్ళిన ప్రతి బడిలోనూ చూసిన సంగతి ఒక అట్టకార్డు మీద రాసుకున్నారు. ఏం చేశారు, ఏ పిల్లలతో చేశారు, ఏమైంది, ఎవరు చూశారు. ఈ నాలుగే. రిటైరయ్యాక ఊరికే కూచోలేక, ట్రైనింగు కాలేజీల్లోనూ యూనివర్సిటీలోనూ దుమ్ము పట్టి పడున్న పరిశోధన పత్రాలన్నీ చదివి వాటి సారం కూడా కార్డులకెక్కించారు. అవన్నీ ఇంటర్నెట్లో పెట్టాలని ఆయన పట్టుదల. ఎక్కడో కొండ పక్క బళ్ళో ఒంటరిగా పాఠం చెప్పుకునే టీచరు తన కష్టాన్ని రెండు మాటల్లో కొడితే చాలు, అదే కష్టం ఇంతకుముందు ఎవరికి వచ్చింది, వాళ్ళేం చేసి చూశారు, దానికి రుజువేమిటి అన్నది తెర మీదికి రావాలి. దానికి పోర్టల్ అని పేరు ఎక్కడో చదివి తెచ్చారు. ఒక ట్రస్టు వాళ్ళు కంప్యూటరు ఇచ్చారు. బస్టాండు వెనక వీధిలో, చెరుకు బళ్ళు మలుపు తిరిగే చోట మేడ మీద ఒక గది దొరికింది. అనకాపల్లిలో కంప్యూటరు నేర్చుకుని పని కోసం తిరుగుతున్న నేను దొరికాను.

మా టీచర్లలో ఇంటర్నెట్ కంటితో చూసినవాళ్ళు ఎంతమందని? దేవరాపల్లి నుంచీ బుచ్చయ్యపేట నుంచీ ప్రశ్నలు పోస్టుకార్డు మీదే వచ్చేవి. నేను కంప్యూటర్లో వెతికి, ప్రింటు తీసి, తిరుగు టపాలో పంపేదాన్ని. “మన పోర్టల్ పోస్టుమాన్ సైకిలు మీద తిరుగుతోంది సార్,” అని వెక్కిరించేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. “తిరగనియ్యమ్మా. సైకిలుకి కరెంటు అక్కర్లేదు కదా,” అనేవారు.

ఇక ఆ ‘ఉన్నారు’. కార్డు మీద అన్నీ సిరాతో రాసినా, ఎవరు చూశారన్న చోట మాత్రం ఆయన పెన్సిలుతో రాసేవారు. చూసినవాళ్ళు చనిపోయారని తెలిస్తే కార్డు మూల ఎర్ర పెన్సిలుతో ఒక సున్నా చుట్టేవారు. ఆ కబురు అందగానే చుట్టేవారు కాదు. పరామర్శకి వెళ్ళి, పెద్దకర్మ అయ్యాక, మర్నాడు పొద్దున్న స్నానం చేసి వచ్చి చుట్టేవారు. ఇదేం ఆచారం సార్ అని అడిగితే, “మనిషి పోయేడంటే సాక్ష్యం అబద్ధమైపోదమ్మా. కాని మళ్ళీ ఎల్లి అడగడానికి లేదు. అడగలేని సాక్ష్యం ఒక మెట్టు కిందే ఉండాలి,” అన్నారు. పోర్టల్లో ఆ ఎర్రసున్నా కోసమే నా చేత ఒక గడి పెట్టించారు. ‘అడగడానికి ఉన్నారా?’ అని దాని పేరు. అందులో రెండే జవాబులు, ఉన్నారు, లేరు. ఏదన్నా వెతికితే ఉన్నవాళ్ళ కార్డులు పైన, లేనివాళ్ళవి కింద వస్తాయి. మొదటిసారి అది సరిగ్గా పనిచేసిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది. తెర సగం నుంచి కిందికి అంతా పోయినవాళ్ళే, బడుల పేర్లూ పిల్లల లెక్కలూ చెబుతూ వరసగా ఉన్నారు.

ఆయన అలవాట్లు చెప్పమంటే ముందు ఆ వెనక కూచోవడం చెప్పాలి. బడికి వెళ్ళినా పెళ్ళికి వెళ్ళినా అందరికన్నా వెనకే కూచునేవారు. ఇన్‌స్పెక్షను రోజు హెడ్మాష్టరు కుర్చీ తుడిచి సిద్ధం చేస్తే, ఆయన ఎప్పుడొచ్చారో ఎవరికీ తెలియకుండా వచ్చి చివరి వరసలో పిల్లల మధ్య ఉండేవారు. తలలు లెక్కపెట్టుకుంటే హాజరు కన్నా ఒకటి ఎక్కువొచ్చి గుండె ఝల్లుమన్న టీచర్లు ఈ చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు. మా గదిలోనూ అంతే. నా కుర్చీ వెనక ఒక పాత పేము కుర్చీ ఉంది. అందులో ఎవరు కూచున్నా అది కిర్రుమంటుంది. పోస్టుమాన్ కూచుంటే వీధిలోకి వినబడుతుంది. ఆయన కూచుంటే మాత్రం చప్పుడు ఉండేది కాదు. నేను కొడుతూ కొడుతూ ఉండగా మెడ మీద చల్లగా తగిలేది, అంతే. తిరిగి చూస్తే ఆయన, గొడుగు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, చల్లారిపోయిన టీ గ్లాసు చేత్తో పట్టుకుని, నా వేళ్ళకేసి చూస్తూ ఉండేవారు.

“సార్, దగ్గనైనా దగ్గండి. నా ప్రాణం పోతోంది,” అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

“దగ్గితే నువ్వు మారిపోతావమ్మా. బడైనా అంతే, సూస్తన్నారని తెలిస్తే మారిపోద్ది,” అనేవారు.

నాకు చిన్నప్పట్నించీ ఒక అలవాటు ఉంది. రాసేటప్పుడు ఎడమ అరచెయ్యి కాగితం మీద కప్పుకుంటాను. ప్రశ్నలు వచ్చిన పోస్టుకార్డుల పట్టీ రాసుకుంటూ ఉంటే ఆయన వెనక నుంచి, “ఏటమ్మా, ఎవరు కాపీ కొట్టేస్తారని దాచేస్తన్నావు?” అని ఒకసారి అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయన నవ్వలేదని అప్పుడు పట్టించుకోలేదు.

ఇప్పుడు పదిహేడో నంబరు కార్డు. ఇది చెప్పకుండా ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి చేతులు దులుపుకోవచ్చు. ఆయన వెనక కుర్చీలో ఉండగా అలా రాయలేను, లేనప్పుడు అసలు రాయకూడదు.

పనిలో చేరిన మూడో వారం ఆ కార్డు నా చేతికొచ్చింది. పాతికేళ్ళ కిందటి కార్డు. వడ్డాది దగ్గర ఒక ఊరి బడి, మూడో తరగతి. పిల్లల్ని చదువును బట్టి మూడు వరసలుగా కూచోబెట్టారు. ముందు వరస పిల్లలు చకచకా లెక్కలు చేస్తున్నారు. ‘వెనక బెంచీ నిశ్శబ్దంగా ఉంది, క్రమశిక్షణ బాగుంది’ అని రాసి, కింద ‘ఫలితం: పని చేసింది. చూసినవారు: ఇన్‌స్పెక్టరు’ అని ఉంది.

ఆ బడి మాది. ఆ వెనక బెంచీ మీద కూచున్న పిల్లల్లో నేనొకదాన్ని.

మా మాష్టారు ఆ వరసలకి పేర్లు కూడా పెట్టారు. ముందు వరస, నడిమి వరస, మొద్దు వరస. మొద్దు వరసకి కాలు విరిగిన బెంచీ ఇచ్చి, కాలు చోట ఇటుకలు పేర్చారు. మా పలకలు ఏడాది పొడుగునా ఎవరూ చూడలేదు. తప్పు రాస్తే నవ్వుతారని పలక మీద చెయ్యి కప్పుకోవడం అక్కడే నేర్చుకున్నాను. ఒకరోజు ఒక పెద్దాయన గొడుగుతో వచ్చి నా పక్కన కూచున్నారు. ఇటుకల మీది బెంచీ ఊగిపోతుందని మేమంతా ఊపిరి బిగబట్టాం. అది ఊగలేదు. ఆయన గంటసేపు ముందుకి చూస్తూ రాసుకున్నారు. నాకు గుర్తున్నది ఆయన మోకాలూ, గొడుగు తడి వాసనా. ఆ చలికాలానికి నా పక్క పిల్ల చెరుకు కొట్టే వాళ్ళ వెంట పోయింది. ఒక్కొక్కరే మానేయగా చివరికి బెంచీ మీద నేనొక్కదాన్నే మిగిలాను. మా అమ్మ ఏమనుకుందో ఏమో, నన్ను దేవరాపల్లిలో పిన్ని ఇంటికి పంపేసింది. అక్కడ వరసలు లేవు కాబట్టి నేను చదువుకున్నాను. లేకపోతే నేనూ ఈపాటికి చెరుకు తోటలో ఉండేదాన్ని.

ఆ కార్డు కొట్టి, సేవ్ చేసి, మెట్లు దిగి వెళ్ళి బస్టాండు కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాను. ఆయనతో ఏమీ అనలేదు.

ఎందుకనలేదని మీరు అడగొచ్చు. సిగ్గు. కంప్యూటరమ్మాయి అని వీధిలో అందరూ గౌరవంగా పిలుస్తుంటే, నేను మొద్దు వరస దాన్నని నా నోటితో చెప్పుకోవాలా? కోపం కూడా ఉంది. నా పక్కనే కూచుని, నా వైపు ఒక్కసారి తల తిప్పని మనిషి ఈయనా అని.

కాని ఆయన ఆ కార్డుని వదల్లేదు. దాన్ని చూసి పైవాళ్ళు చాలా బడుల్లో మూడు వరసలు పెట్టించారట. రిటైరయ్యాక బస్సులో ఒక టీచరు, వెనక వరసలోళ్ళు బడి మానేసేవారంట సార్ అని చెప్పింది. తాను చూసి కాదు, విని. అప్పట్నించీ ఆయనకి మనశ్శాంతి లేదు. ఒకరోజు ఆ కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

“ఎనక బెంచీలో కూచున్నాను కదా, అన్నీ సూసేననుకున్నానమ్మా. ముందుకే సూసేను. పక్కన కూచున్నోళ్ళని సూడలేదు. నా పక్కన ఒక గుంట, సిన్నపిల్ల, ఉండేది. దాని మొహం ఎంత ఆలోచించినా రాదు. సెయ్యి ఒక్కటే గుర్తుంది.”

“అయితే కొట్టెయ్యండి సార్ ఆ కార్డు,” అన్నాను.

“అనుమానం మీద కార్డు కొట్టీకూడదమ్మా. ఇష్టం లేనివన్నీ కొట్టీడం మొదలెడితే ఇంక రుజువేటి, మన్నేటి? ఆ వరసలో కూచున్నోళ్ళు ఎవరన్నా వచ్చి సెప్పాలి. పాత హాజరు పట్టీలు సెదలు తినీసేయి. ఉత్తరాలు రాద్దాం, రాసుకో.”

వడ్డాది చుట్టుపక్కల ఊళ్ళకి ఆయన చెబుతుంటే ఆ ఉత్తరాలు నేనే కొట్టాను. ‘ఫలానా బడిలో మూడో తరగతి వెనక బెంచీలో కూచున్నవారు ఎక్కడున్నా దయచేసి తెలియజేయండి’ అని. ఒకటి కాదు, ఎన్నో. కొట్టినవాటిని కవర్లలో పెట్టి అంటించాను, స్టాంపులు నాలికతో తడిపి అతికించాను. ఆయన వెతుకుతున్న మనిషిని అడుగు దూరంలో పెట్టుకుని ఊరూరా వెతకనిచ్చాను. ఒకరోజు, “నువ్వు ఏ బళ్ళో సదివేవమ్మా?” అని మామూలుగా అడిగారు. “దేవరాపల్లి సార్,” అన్నాను. అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన, “మంచి బడి,” అన్నారు.

దేవరాపల్లి వైపు ఒక టీచరమ్మ నుంచి పోస్టుకార్డు వచ్చింది ఆ తర్వాతే. కొత్త హెడ్మాష్టరు పిల్లల్ని మూడు వరసలుగా కూచోబెట్టమంటున్నారు, దీనివల్ల లాభం ఉంటుందా, రుజువు పంపగలరా అని. వెతికితే అన్నిటికన్నా పైన వచ్చింది పదిహేడో కార్డు. పని చేసింది. చూసినవారు ఉన్నారు. ఆయన ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, తిప్పి బల్ల మీద బోర్లించారు. “ఇది పంపకు. ఆగమను. సాక్షి దొరకాలి,” అన్నారు. ఆ పోస్టుకార్డు మానిటరు పక్కనే ఉండిపోయింది. రోజూ నాకేసి చూసేది.

తర్వాత ఆ వింత మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి ఏదో వెతుకుతుంటే ఆయన కార్డులు ఓ పది కిందికి జారిపోయి కనిపించాయి. తెరిచి చూస్తే, ‘అడగడానికి ఉన్నారా?’ దగ్గర ‘లేరు’ అని ఉంది. నా చెయ్యి జారిందేమో అనుకుని సరిచేశాను. మర్నాడు ఇంకో పది. ఆ మర్నాడు ఇంకొన్ని. వైరస్ అనుకుని అనకాపల్లి నుంచి ఫ్లాపీ తెప్పించి మెషీనంతా కడిగాను. ఏమీ దొరకలేదు. రోజూ ఆయన ఒక్కో బడి నుంచీ మాయమైపోతున్నారు. బుచ్చయ్యపేట బడుల్లో లేరు, మాడుగుల వైపు లేరు. నేను కూచుని మళ్ళీ ఒక్కొక్కటే ‘ఉన్నారు’ అని మార్చేదాన్ని. వెనక కుర్చీలోంచి ఆయన అదంతా చూస్తూ ఉండేవారు.

“సార్, ఈ దిక్కుమాలిన మెషీను రోజుకి పదిసార్లు మిమ్మల్ని చంపుతోంది. మీరేమైనా ముట్టుకున్నారా?”

“నీకు కష్టంగా ఉందా మార్చడం?” అన్నారు.

“కష్టం కాదు, భయంగా ఉంది.”

“మరి మార్చకు,” అన్నారు. ఆ వారం ఆయన చొక్కా మెడ దగ్గర వదులైపోవడం చూశాను. టీ తాగకుండానే గ్లాసు కడిగి పెట్టేసేవారు. అడగాలనిపించింది. అడగలేదు. తర్వాత నాలుగు రోజులు ఆయన రాలేదు. రాని ఆ నాలుగు రోజులూ ఒక్క కార్డు కూడా మారలేదు. నాలుగో రోజు, అంటే మంగళవారం, నేను ఒక్క పూటలో ఆయన కార్డులన్నిటినీ ‘ఉన్నారు’ చేసేసి, హమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్ళాను. బుధవారం ఫోను వచ్చింది.

వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టారు. లోపల మంచం తలాపున ఒక అట్ట ఉంది. కార్డుల డబ్బా మూత చింపి చేసిన అట్ట. దాని మీద పెన్సిలుతో, గడి తప్పకుండా, కీబోర్డు గీసి ఉంది. అక్షరాలు వేళ్ళ రాపిడికి చెరిగిపోయాయి.

“నీ ఎనకాల కూచుని నేర్చుకున్నారమ్మా,” అని ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “ఇంటికొచ్చి రోజూ దీని మీద టకటకా కొట్టుకునీవోరు. డాట్రు పెదవి విరిసేసేక, మజ్జానాలు నువ్వు బువ్వకెల్లినప్పుడు మేడ మీదకెల్లి కొట్టొస్తన్నానని సెప్పేరు. నాకేటి తెలుసు, ఏం కొడతన్నారో. ఆకరి రోజు కూడా కళ్ళు మూసుకునే ఉన్నారు గానీ ఏళ్ళు ఆగలేదమ్మా. దుప్పటి మీద కొడతానే ఉన్నారు.”

ఇంకొకరికి పని మిగలకూడదని తన ఎర్రసున్నాలు తనే చుట్టుకుంటున్నారన్నమాట. నేను రోజూ వాటిని చెరిపేశాను. అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాను. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా ఆయన్ని పంపేశానని ఏడ్చాను.

పెద్దకర్మ దాకా గది తెరవలేదు. తాళాలు రెండే, ఒకటి నా కొంగున ఉంది, రెండోది ఆయన మొలతాడుకి ఉండేది. పెద్దకర్మ నాడు ఆవిడ ఆ రెండోది తెచ్చి నా చేతిలో పెట్టింది. మర్నాడు పొద్దున్న ఆయన ఆచారం ప్రకారం తలస్నానం చేసి వెళ్ళి మెషీను పెట్టాను. బయట చక్కెర మిల్లు కూత వేసింది. గదంతా చెరుకు మడ్డి వాసన. ఆయన కార్డులన్నీ ఒక్కొక్కటిగా ‘లేరు’ అని మార్చాలి కదా, గుండె దిటవు చేసుకుని మొదటిది తెరిచాను.

‘లేరు’ అని ఉంది.

రెండోదీ అంతే. మూడోదీ. నేను మంగళవారం నా చేత్తో ‘ఉన్నారు’ చేసి, బుధవారం పొద్దున్న పైకి పంపిన కార్డులన్నీ ‘లేరు’. కరెంటు పోయి పాత ఫైలు తిరిగి వచ్చిందేమో. వైరస్ కోసం పెట్టిన ఫ్లాపీ ఏదన్నా చేసిందేమో. ఇలాంటివి నాలుగైదు నాకు నేను చెప్పుకున్నాను. వాటిలో ఏది నిజమో, ఏది కాదో అడగడానికి మనిషి లేరు.

ఒక్క కార్డు మాత్రం మారలేదు. పదిహేడు. అందులో ‘ఉన్నారు’ అనే ఉంది. కాని చూసినవారి గడిలో ఆయన పేరు లేదు. ఖాళీ.

లేచి సొరుగు లాగి అసలు కార్డు తీశాను. చూసినవారి దగ్గర పెన్సిలుతో రాసుకున్న తన పేరు ఆయన రబ్బరుతో చెరిపేశారు. వెనక్కి తిప్పితే, వణుకుతున్న పెన్సిలు రాత.

‘ఆ పిల్ల దొరికింది. ఇప్పటికీ చెయ్యి కప్పుకునే రాస్తోంది. చాలా రోజులైంది నేను పోల్చుకుని. ఆమె అంతట ఆమె చెప్పేదాకా ఎవరూ అడగకూడదు, నేను కూడా.’

ఆ ఉత్తరాలన్నీ ఎవరికి రాయించారో అప్పుడు అర్థమైంది. ప్రతి ఉత్తరమూ నాకే. నా చేతే కొట్టించి, నా వెనకే కూచుని, నేను జవాబు చెబుతానేమోనని చూశారు.

ఆ మధ్యాహ్నం టపాలో దేవరాపల్లి టీచరమ్మకి జవాబు వెళ్ళింది. ఒక కొత్త కార్డు రాసి, దాని నకలు పంపాను. ‘మూడు వరసల పద్ధతి. పని చెయ్యలేదు. వెనక బెంచీ నిశ్శబ్దంగా ఉన్నది క్రమశిక్షణ వల్ల కాదు, భయం వల్ల. ఆ బెంచీ మీది పిల్లలు ఆ ఏడాదిలోనే బడి మానేశారు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ వేరే బడికి వెళ్ళడం వల్ల చదువుకున్నారు.’ చూసినవారి దగ్గర పెన్సిలుతో నా పేరు రాశాను. అడగడానికి ఉన్నారా? ఉన్నారు. వెతికితే ఇప్పుడు అదే అన్నిటికన్నా పైన వస్తుంది. ఆయన పదిహేడో కార్డుని ‘లేరు’ అని మార్చి ఉంచాను, కొట్టెయ్యలేదు. దాని కిందే ఉంది, ఒక మెట్టు కింద.

ఆ కార్డు రాసేటప్పుడు ఒకటి జరిగింది. మొదటి అక్షరం పెట్టగానే నా ఎడమ అరచెయ్యి దానంతటదే వచ్చి కాగితం మీద కప్పుకుంది. అదే క్షణంలో మెడ మీద చల్లగా తగిలింది. పేము కుర్చీ కిర్రుమనలేదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. వెనక ఉన్నవాళ్ళకి కూడా కనబడేలా, అక్షరాలు కొంచెం పెద్దవిగా రాశాను.